తొట్టి చేప

ఈగలమ్మకు నచ్చే మనుషుల్ని లెక్కపెట్టడానికి వేళ్ళతో పనిలేదు. ఆవిడకు ఎవరూ నచ్చరు. బడిలో జీవశాస్త్రం చెబుతుంది. వారానికోసారి, సాయంత్రం గంట కొట్టాక, ల్యాబు పక్కనున్న ఇరుకు గదిలో పిల్లలకు ఈగలు కట్టడం నేర్పుతుంది. ఆ పేరు అందుకే వచ్చింది. ఈగలు కట్టడమంటే బతికున్న ఈగల కాళ్ళకు దారం ముడేయడం అనుకునేరు! అలాగే అనుకుని ఒక పిల్లవాడి తల్లి రుసరుసలాడుతూ వచ్చింది కూడా. "చదువుకోమని పంపితే మావాడి చేత ఈగలు పట్టిస్తారా? మా ఇంట్లో లేవా ఈగలు?" అని. ఈగలమ్మ ఆవిణ్ణి ఎగాదిగా చూసి, "ఉండే ఉంటాయి లెండి, మీవాడి నోట్సు చూస్తేనే తెలుస్తోంది," అని తలుపు దాకా సాగనంపింది.

అసలు సంగతి ఇదీ. గాలపు కొక్కేన్ని చిన్న బిగింపులో బిగించి, దాని మీద దారంతో కాస్త ఉన్నీ, కాస్త ఈకా చుట్టి నీటి పురుగు బొమ్మ కడతారు. దాన్ని పొడుగాటి సన్నటి కర్రతో, బరువున్న తాడుతో నీళ్ళమీదకి విసురుతారు. చేప అది నిజం పురుగనుకుని నోరు తెరిస్తే కట్టినవాడు గెలిచినట్టు. తెరవకపోతే చేప గెలిచినట్టు. వానపామును గుచ్చి ఒడ్డున కునికిపాట్లు పడేవాళ్ళంటే ఈగలమ్మకు పరమ అసహ్యం. "వాళ్ళు చేపలు పట్టడం లేదు, చేపలకి భోజనం పెడుతున్నారు," అనేది.

ఆవిడ అసహ్యాల చిట్టాలో వానపాముల వాళ్ళది చివరి వరుస. మొదటి కుర్చీ హెడ్మాస్టరుది. ఆయన్ని ఆవిడ మనసులో రిబ్బను అని పిలుచుకునేది. బడిలో కొత్త చీపురు కొన్నా దానికో రిబ్బను కట్టి, ఎవరో ఒకర్ని పిలిచి కత్తిరింపించి ఫొటో దిగే రకం. ఆయన తర్వాత డ్రిల్లు మాస్టరు. ఆ తర్వాత లెక్కల టీచరు. ఆపైన, చెప్పుకుంటే సిగ్గుచేటు, తన క్లాసు పిల్లలు. పాటలో పనికిరానివాళ్ళు, ఆటలో పనికిరానివాళ్ళు, కంప్యూటర్ల గదిలో చోటు దొరకనివాళ్ళు చిట్టచివరికి ఈగల గదిలో తేలేవాళ్ళు. "మిగిలిపోయిన సరుకంతా నా గదిలోనే దింపుతారు," అని ఆవిడ వాళ్ళ ముందే అనేది. పిల్లలు నవ్వేవాళ్ళు. కొందరు నిజంగా నవ్వొచ్చే నవ్వేవాళ్ళు.

వాళ్ళలో సూది అనే పిల్లవాడు ఒక్కడే వేరు. సన్నటి వేళ్ళు, చురుకు చూపు. వాడు ఈగ కడితే ఊదకుండానే ఎగిరిపోతుందా అనిపించేది. వాడి ఈగల్ని ఈగలమ్మ గాజు మూత కింద పెట్టి వచ్చిన వాళ్ళందరికీ చూపించేది. మరో కొసన నిదానం. నిదానం ఆవిడ సొంత చెల్లెలి కూతురే. "చదువు అంతంతమాత్రం, నలుగురిలో నోరు విప్పదు, నీ దగ్గరైనా ఏదో ఒకటి నేర్చుకుంటుందే అక్కా," అని చెల్లెలు బతిమాలితే చేర్చుకుంది. ఇంట్లో పెద్దమ్మా అని మెడకి చుట్టుకునే పిల్ల, బడిలో టీచర్ అని, మీరు అని పిలవాలి. అది ఈగలమ్మ పెట్టిన రూలు. పిల్లకి ఆ పేరు పెట్టిందీ ఆవిడే. అందరూ ఈగ కట్టి, ముడేసి, సంచీ సర్దుకునే వేళకి ఈ పిల్ల ఇంకా దారానికి మైనం రాస్తూ ఉండేది. "నిదానమే ప్రధానం అన్నారు గానీ, నిదానమే సర్వస్వం అనలేదే తల్లీ!" అని ఆవిడ తల పట్టుకునేది.

క్లాసులో ఆవిడ మొదటి పాఠం ఒకటే. ముందు చూడండి, తర్వాత కట్టండి. నీళ్ళలో రాయి తిప్పి దాని కింద ఏ పురుగుందో చూడాలి. గాల్లో ఏం ఎగురుతోందో చూడాలి. చేప ఏం తింటోందో తెలియకుండా ఈగ కట్టేవాడు కళ్ళు మూసుకుని సూదిలో దారం ఎక్కించేవాడితో సమానం. ఈ మాట ఆవిడ ఎన్నిసార్లు చెప్పిందంటే, పిల్లలు వెనక బెంచీలో ఆవిడ గొంతుతోనే చెప్పుకుని కిసుక్కుమనేవాళ్ళు.

ఇంత చెప్పీ, ఆ పిల్లల్లో ఒక్కరు కూడా నది మొహం చూసి ఎరగరు. నది ఎంతో దూరం లేదు. బస్సెక్కితే కునుకు పట్టేలోపు వచ్చేస్తుంది. ప్రతి ఏడాదీ ఆవిడ అడగడం, రిబ్బను పళ్ళికిలించి, "నది అంటే రిస్కండీ, తల్లిదండ్రులు ఊరుకోరండీ, పైవాళ్ళు ఒప్పుకోవాలండీ," అని నసగడం. అందుకని పిల్లలు ఆటస్థలంలో గడ్డి మీద విసరడం నేర్చుకున్నారు. కొక్కెం బదులు తాడు చివర ఎర్ర ఉన్ని ముక్క. కర్రని వెనక్కి లేపాలి, తాడు వెనకాల పూర్తిగా చాచుకునేదాకా ఆగాలి, అప్పుడు ముందుకి విసరాలి. బంతాటకి వచ్చిన పిల్లలు, "ఏరా, గడ్డిలో ఎన్ని పడ్డాయిరా?" అని వెక్కిరించేవాళ్ళు. ఈగలమ్మ వాళ్ళ వైపు చూసే చూపుకి గడ్డి మాడాలి.

ఆ వేసవితో ఆవిడ కొలువు అయిపోతుంది. ఈలోగా ఒక్కసారి, ఒక్క పిల్లో పిల్లవాడో, తన చేత్తో కట్టిన ఈగతో నదిలోంచి చేపని లేపడం చూడాలని ఆవిడకు ఉండేది. ఎంత ఉండేదంటే, ఎవరికైనా చెబితే గొంతు వణుకుతుందేమోనని ఎవరికీ చెప్పనంత. ఆ ఒక్కటీ చూడకుండా బడి గేటు దాటితే ఇన్నేళ్ళు చేసిందంతా నిజంగానే గడ్డిలో గాలం వేసినట్టు అవుతుందని ఆవిడ భయం.

అలాంటి రోజుల్లో రిబ్బను ఆవిణ్ణి గదికి పిలిచాడు.

"మన స్కూలు కమిటీ చైర్మన్ గారు శనివారం వస్తున్నారండీ. మీ ఈగల క్లాసు గురించి ఎవరో చెప్పారట, చూస్తానన్నారు. ఆయనకి నచ్చితే నదికి బస్సు, పర్మిషను, అన్నీ ఆయన చేతిలోనే ఉన్నాయి. నచ్చకపోతే..." అని ఆగి, బల్లమీది పేపరువెయిట్ తిప్పాడు. "ఆ గది ఖాళీగా ఉంటే మా బావమరిది అబాకస్ క్లాసు పెడతానంటున్నాడండీ."

"గడ్డిమీద చూపించమంటారా?"

"అబ్బే, గడ్డేం బాగుంటుందండీ! చేప పడాలి. ఫొటో రావాలి. అందుకే మన ఈతకొలను శుభ్రం చేయిస్తున్నాను. చేపల ఫారం నుంచి లారీలో చేపలు తెప్పించి వదులుతాం."

ఈతకొలను అంటే, పలకలు పగిలి, ఎన్నాళ్ళుగానో ఎండుటాకులు తప్ప ఏవీ ఈదని సిమెంటు తొట్టి. ఈగలమ్మకు నషాళానికి అంటింది. "తొట్టిలో చేపలా! రేపు బకెట్లో పులిని పెట్టి వేట నేర్పమంటారు కూడా!" అంది. రిబ్బను పేపరువెయిట్ ఇంకోసారి తిప్పాడు. నది ఆయన బల్ల అవతల ఉంది. ఈగలమ్మ కోపం దిగమింగి, "సరే, తగలెయ్యండి," అని లేచింది.

చేపలు లారీలో డ్రమ్ములతో వచ్చాయి. బొద్దుగా, మొద్దుగా, రెక్కల అంచులు సిమెంటుకి రాసుకుని అరిగి ఉన్నాయి. ఈగలమ్మ గట్టున నిలబడి, అల్లుడు నచ్చని అత్తగారిలా మూతి విరిచింది. "చేపలట చేపలు! పుట్టి ప్రవాహం ఎరగవు, రాయి ఎరగవు, పురుగు ఎరగవు. మేత వేస్తే తిన్నాయి, లేకపోతే చూస్తూ కూర్చున్నాయి. అచ్చం మా స్టాఫ్ రూమే," అనుకుంది. మళ్ళీ ఆ తొట్టి వైపు పోలేదు. పోవాల్సిన అవసరమే కనపడలేదావిడకు.

పోయింది నిదానం. తొట్టిలో రాలిన ఆకులు వలతో తీసే పని ఆ పిల్లకి అప్పగించారు. ఇలాంటి పనులు ఎప్పుడూ ఆ పిల్లకే పడేవి. మధ్యాహ్నం గంట కొట్టగానే వెళ్ళి ఆకులు తీసేది. తీశాక కూడా అక్కడే గొంతుక్కూర్చునేది. అటెండరు డబ్బాతో మేత తెచ్చి చల్లే వేళ అది. గోధుమరంగు గుండ్రటి గుళికలు. గుళికలు నీళ్ళమీద టపటప పడగానే తొట్టి మొత్తం ఉడుకుతున్న ఎసరులా లేచేది. గాలికి కొట్టుకొచ్చి దోమో, పురుగో నీళ్ళమీద వాలితే, ఒక్క చేపైనా తల తిప్పేది కాదు. నిదానం ఇదంతా చూసింది. రోజూ చూసింది. ఎవరికీ చెప్పలేదు. ఆ పిల్లని ఎవరూ అడగలేదు కూడా.

చైర్మన్ వచ్చే ముందురోజు సాయంత్రం అందరూ గదిలో చేరి మర్నాటికి ఈగలు కడుతున్నారు. ఈగలమ్మ బల్లల మధ్య తిరుగుతూ ఒకడి దారం బిగించి, ఒకతె ఈకలు కత్తిరించి, ప్రతి కొక్కెం మీది ఎదురుముల్లునీ పటకారుతో నొక్కి చదును చేస్తోంది. చేప నోరు చిరగకూడదు, పట్టి వదిలెయ్యాలి. సూది బూడిదరంగు రెక్కల ఈగని కట్టి బిగింపు మీద వదిలాడు. ప్రాణం ఒక్కటే తక్కువ. ఈగలమ్మ మొహం వెలిగింది. అదే వెలుగుతో పక్క బల్లకి తిరిగింది.

నిదానం బిగింపులో ఒక గోధుమరంగు ఉన్ని ఉండ ఉంది. రెక్కల్లేవు, తోక లేదు, ఈక లేదు. మరీ గుండ్రంగా కత్తిరించి ఉంది.

"ఏంటిది?"

"ఈగ, టీచర్."

"ఇది ఈగా! మేక పెంటికలా ఉంది!"

గది ఘొల్లుమంది. నిదానం చెవులు ఎర్రబడ్డాయి. అయినా గొణిగింది. "అవి ఇదే తింటున్నాయి టీచర్. మీరే కదా చెప్పారు, ముందు చూడమని."

"నేను చూడమన్నది నదిని! సిమెంటు తొట్టిలో మేత మేసే మొద్దుల్ని కాదు. రేపు చైర్మన్ ముందు ఈ పెంటిక విసురుతావా? నా పరువు, మీ అమ్మ పరువు కలిపి గంగలో కలుపుతావా?" అని, కత్తెర తీసుకుని దారం దగ్గర ఒక్క వేటు వేసింది. ఉన్ని ఉండ విడిపోయి బల్లమీద రాలింది. "మళ్ళీ కట్టు. ఈగ కట్టు."

ఆ పిల్ల మళ్ళీ దారానికి మైనం రాయడం మొదలుపెట్టింది. ఈగలమ్మ అక్కడే ఉండి చూడలేదు. చూసేంత ఓపిక ఆవిడకు సూది బల్ల దగ్గర తప్ప ఎక్కడా ఉండేది కాదు.

శనివారం తెల్లారింది. తొట్టి చుట్టూ కుర్చీలు, మైకు, గేటుకి రిబ్బను. చైర్మన్ తెల్లబూట్లు వేసుకుని వచ్చాడు. తడి తగలకుండా వాటిని ఎక్కడ పెట్టాలా అన్న ధ్యాసే ఆయనకి ఎక్కువగా ఉంది. కుర్చీలో కూర్చుని ఫోను తీశాడు. ఈగలమ్మ ఆయన్ని ఒక్కసారి చూసి, ఏ లెక్కలో వెయ్యాలో ఆ లెక్కలో వేసేసింది. కానీ నది ఈయన జేబులో ఉంది మరి. చేతులు కట్టుకుని, నవ్వు అనుకోదగ్గదేదో మొహానికి తెచ్చుకుంది.

సూది ముందుకొచ్చాడు. కర్ర లేపాడు, తాడు వెనక చాచుకుంది, ముందుకి వదిలాడు. తాడు గాల్లో మడత విప్పుకుని, చివరన బూడిదరంగు ఈగ నీళ్ళమీద చప్పుడు కాకుండా వాలింది. చూసినవాళ్ళకి ఒళ్ళు పులకరించాలి. చేపలకి మాత్రం చీమ కుట్టినట్టైనా లేదు. ఒకటి దాని కింద నుంచే తాపీగా వెళ్ళిపోయింది.

"పడబోతోంది సార్, ఇదిగో, ఇప్పుడే పడబోతోంది," అని రిబ్బను మైకులో అందుకున్నాడు. మళ్ళీ విసిరాడు సూది. మళ్ళీ. మిగతా పిల్లలూ వరసగా వచ్చి విసిరారు. ఎర్ర ఈగలు, పచ్చ ఈగలు, చిలక రెక్కలంత ముద్దొచ్చే ఈగలు. "పడబోతోంది... పడుతుంది సార్... పడక ఎక్కడికి పోతుంది..." రిబ్బను గొంతు మైకులో ఆరిపోతోంది. చైర్మన్ ఆవలించి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. హెడ్మాస్టరు బావమరిది కూడా వచ్చి ఉన్నాడు, అబాకస్ సంచీ ఒళ్ళో పెట్టుకుని. ఆయన మొహంలో పెళ్ళికళ వచ్చేసింది. సూది కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. 

రిబ్బనుకి కంగారెక్కువై గట్టుమీద అటూ ఇటూ పచార్లు చేస్తూ, చెప్పు కాలితో గులకరాళ్ళని తన్నాడు. చిన్న రాళ్ళు నాలుగు నీళ్ళలో టపటప పడ్డాయి. అంతే! తొట్టి భగ్గుమంది. చేపలు ఒకదాన్నొకటి తోసుకుంటూ, ఆ రాళ్ళ మీదకి నోళ్ళు తెరుచుకుని లేచి, ఉమ్మేసి, మళ్ళీ కిందికి పోయాయి.

ఈగలమ్మకి ఒక్క క్షణంలో అంతా తెలిసింది. మేత. గుండ్రటి, గోధుమరంగు, టప్పున పడే మేత. ఏళ్ళ తరబడి పిల్లల చెవులు చిల్లులు పడేలా తను చెప్పిన మొదటి పాఠం ఒక్క పిల్ల పాటించింది. ఆ పిల్ల కట్టినదాన్ని తన చేత్తోనే కత్తిరించేసింది. ఆవిడ తిరిగి చూసింది. నిదానం వరస చివర కర్ర పట్టుకుని నిలబడి ఉంది. తాడు చివర ఉన్ని ఉండ వేలాడుతోంది.

ఈగలమ్మ గబగబా వెళ్ళి గొంతు తగ్గించి అడిగింది. "ఇది ఎక్కడిదే? నేను కోసేశాను కదా?"

"మీరు ఒకటే కోశారు, టీచర్."

ఇంకే సమయంలోనైనా ఆ మాటకి చెవి మెలిపడేది. ఇప్పుడు ఆవిడ ఆ పిల్ల భుజం పట్టి ముందుకి తోసింది. "వెయ్యి. వెళ్ళి వెయ్యి."

నిదానం గట్టు మీదకి వచ్చింది. కర్ర లేపింది. తాడు వెనక్కి వెళ్ళింది. ఆ పిల్ల ఆగింది. అందరూ తొందరపడే చోట ఆ పిల్ల ఎప్పుడూ ఆగేది. తాడు పూర్తిగా చాచుకున్నాక విసిరింది. ఉన్ని ఉండ నీళ్ళమీద టప్పున పడింది. అందంగా పడలేదు. మేత పడ్డట్టే పడింది. నీళ్ళు విడ్డూరంగా ఉబ్బాయి, కర్ర వంగింది, తాడు బిర్రబిగిసింది. నిదానం నోటివెంట "అమ్మో!" అని ఒక్క కేక. ఆ పిల్ల గొంతు అంత పెద్దదని బడిలో ఎవరికీ తెలియదు.

కర్ర ఎత్తి పట్టి, చేపని పోనిచ్చి, లాగి, మళ్ళీ పోనిచ్చి, ఒడ్డుకి తెచ్చింది. తాకే ముందు రెండు చేతులూ నీళ్ళలో తడుపుకుంది. పొడి చెయ్యి తగిలితే చేప ఒంటి జిగురు పోతుందని క్లాసులో చెప్పిన సంగతి. అంత హడావిడిలోనూ మరిచిపోలేదు. చేపని రెండు అరచేతుల్లో ఎత్తి చూపించగానే చప్పట్లు మోగాయి. బంతాట పిల్లలు ఈలలు వేశారు. సూది కూడా, కళ్ళు తుడుచుకుంటూ, చప్పట్లు కొట్టాడు. చైర్మన్ తెల్లబూట్ల సంగతి మరిచి తొట్టి అంచుకి వచ్చేశాడు. ఆ పిల్లకి పుట్టి బుద్ధెరిగాక ఎవరూ చప్పట్లు కొట్టి ఎరగరు. మొహం విచ్చుకుని పెద్దమ్మ కోసం వెతుక్కుంది.

పెద్దమ్మ చైర్మన్ మొహం చూస్తోంది.

"భలే భలే! అద్భుతం!" అన్నాడాయన. "హెడ్మాస్టారూ, ఈ తొట్టి ఏర్పాటు చాలా బాగుందండీ. నెల నెలా చేపలు తెప్పించి ఇక్కడే నడిపించండి. పిల్లలు బడి దాటక్కర్లేదు, చేప గ్యారంటీ. ఇంకా ఆ నదికి ఎందుకూ, ఏమంటారు?"

"అంతే సార్, అంతే సార్," అని రిబ్బను మైకులోనే తలూపాడు.

 గది దక్కింది, క్లాసు దక్కింది, నది జారిపోతోంది. ఇక ఈగలమ్మకు తెలిసిన ఆయుధం ఒక్కటే, నోరు. దాన్ని దూసింది.

"ఇదా సార్ చేపలు పట్టడం?" అంది, నలుగురికీ వినబడేలా నవ్వుతూ. "మీలాంటి పెద్దమనుషులు దీన్ని చూసి మెచ్చుకుంటే బయట నవ్వుతారు. ఇవేం చేపలు సార్! చెప్పుతో రాయి తంతే నోరు తెరుస్తున్నాయి, మీరూ చూశారుగా. కళ్ళులేని కబోది కూడా పడతాడు వీటిని. నైపుణ్యం ఏముంది, తెలివేముంది? ఓ పెంటికలాంటి ఉండ చుట్టి పడేస్తే ఎంత మొద్దు పిల్లకైనా పడుతుంది. ఇదో గొప్పని చప్పట్లు కొడుతున్నారు పాపం అందరూ. పిల్లల్ని నదికి పంపండి సార్. అక్కడ పడితే అది చేప. మీ పేరు నిలబడేదీ అక్కడే."

చైర్మన్‌కి తన చప్పట్ల మీద తనకే అనుమానం వచ్చింది. తక్కువరకం దాన్ని మెచ్చుకున్నవాడిలా కనపడటం ఆయనకి సుతరామూ ఇష్టం లేదు. తెల్లబూట్లు వెనక్కి జరుపుకుని పెద్దగా నవ్వాడు. "నిజమే, నిజమే. నాకూ అదే అనిపించింది. ఏముంది ఇందులో! హెడ్మాస్టారూ, వచ్చేవారం బస్సు పెట్టించండి. నదికే వెళ్ళనివ్వండి."

"అంతే సార్, అంతే సార్," అన్నాడు రిబ్బను. బావమరిది సంచీ చంకన పెట్టుకుని లేచాడు. పిల్లలు ఓ అని అరుస్తూ ఎగిరారు. ఇన్నేళ్ళుగా అడుగుతున్న కోరిక ఒక్క మాటతో తీరిపోయింది. ఈగలమ్మకి కళ్ళలో నీళ్ళొచ్చినంత పనైంది. ఆ సంతోషంలో ఇటు తిరిగింది.

నిదానం గట్టున మోకాళ్ళమీద కూర్చుని ఉంది. చేపని నీళ్ళలో దించి, ఒరిగిపోకుండా పట్టి, అది తేరుకునేదాకా రెండు చేతులతో కాస్తోంది. కొక్కెం ఎప్పుడో తీసేసింది. చేప మొప్పలు నెమ్మదిగా తెరుచుకుంటున్నాయి, మూసుకుంటున్నాయి. చప్పట్లు ఆగిపోయి చాలాసేపైంది.

అందరూ కూల్‌డ్రింకుల బల్ల వైపు కదిలారు. సూది వెళ్ళాడు, బంతాట పిల్లలు వెళ్ళారు, మైకు వైరు చుట్టుకుంటూ అటెండరు వెళ్ళాడు. ఈగలమ్మ ఆ పిల్ల పక్కన నిలబడింది. ఏదో ఒకటి అనాలి. మంచిది అనాలి. అలవాటు లేని పని.

"బాగా వేశావే. బాగా ఆగావు," అంది. "చప్పున లాగేసి ఉంటే తెగిపోయేది."

నిదానం చేతుల్లో చేప ఒక్కసారి తోకాడించి జారిపోయింది. ఆ పిల్ల ఖాళీ అరచేతులు నీళ్ళలోనే ఉంచి చూస్తోంది.

"అది చైర్మన్‌గాడి కోసం అన్న మాటే," అంది ఈగలమ్మ. "వాడికి అలా చెబితేనే ఎక్కుతుంది. నిన్ను కాదు. ఆ చేపల్ని అన్నాను."

"నేను పట్టింది కూడా ఆ చేపనే కదా," అంది పిల్ల.

ఈగలమ్మ కిందికి వంగి, ఎన్నడూ లేనిది, ఆ పిల్ల జుట్టు సవరించబోయింది. "పోనీలే. నదికి వెళ్తున్నాం కదా వచ్చేవారం! బస్సు వచ్చిందంటే నీ వల్లనే. అందరికంటే ముందు నీ చేతే వేయిస్తాను. నా కర్ర ఇస్తాను. నేను పక్కనే ఉంటాను. సరేనా?"

నిదానం తల పక్కకి తీసుకుంది. తడి చేతులు గౌనుకి తుడుచుకుని, లేచి, తాడుని కర్రకున్న చక్రానికి చుట్టడం మొదలుపెట్టింది. ఒక్కో చుట్టూ సరిగ్గా పడేలా, తొందర లేకుండా.

"నేను రాను పెద్దమ్మా," అంది. కోపంగా కూడా అనలేదు. "అక్కడ నాకు చేప పడకపోతే నువ్వు నన్ను తిడతావు. పడితే చేపని తిడతావు."

కూల్‌డ్రింకుల బల్ల దగ్గర రిబ్బను ఎవరినో ఫొటోకి పిలుస్తున్నాడు. టీచరమ్మా, టీచరమ్మా అని ఈగలమ్మనే పిలుస్తున్నాడు. ఆవిడకి వినబడుతూనే ఉంది. నిదానం తాడంతా చుట్టి, చివరనున్న ఉన్ని ఉండని దారం దగ్గర తనే కత్తిరించి తీసేసి, కర్రని పెద్దమ్మ చేతికిచ్చి ఇంటికి వెళ్ళిపోయింది.